షుగర్ చూపించుకోడానికి వెళ్తే గుండె సంగతి బయటపడింది (విశాఖ అక్కయ్యపాలెం క్లినిక్, 4 స్టార్లు)

ముందే చెప్పేస్తున్నాను, తొందరలో ఉన్నవాళ్ళకి ఈ క్లినిక్ పనికిరాదు. డాక్టరు గారు సాయంత్రం ఆరింటికి వస్తారు, ఐదున్నరకే టోకెన్లు అయిపోతాయి, మీకు ఏడో నంబరు దొరికినా లోపలికి వెళ్ళేసరికి ఎనిమిదవుతుంది. ఒక్కో మనిషిని ఇరవై నిమిషాలు చూస్తారు మరి. మా నాన్నని ఇక్కడికి తీసుకెళ్ళడం మొదలుపెట్టి ఏడాది దాటింది. ఒక్కసారి వెళ్ళొచ్చి ఐదు స్టార్లు పడేసే బాపతు రివ్యూ కాదిది, కాబట్టి కొంచెం పెద్దదే, ఓపికుంటే చదవండి.

నాన్నకి 62. పోర్టు వర్క్‌షాపులో చేసి రిటైరయ్యారు. షుగర్ వచ్చి 14 ఏళ్ళు. అన్నేళ్ళూ ఒకే చోట చూపించుకున్నారు. ఎక్కడో రాయను, వాళ్ళతో నాకేం గొడవ లేదు. అక్కడ పద్ధతేంటంటే పరగడుపు షుగరొకటి, తిన్నాక షుగరొకటి, రెండు నంబర్లూ చీటీ మీద వేస్తారు, ఎక్కువుంటే మాత్ర పెంచుతారు, లేకపోతే 'సేమ్ కంటిన్యూ' అని రాసి పంపేస్తారు. నాన్నకి అదే హాయిగా ఉండేది. 'షుగర్ 140, బ్రహ్మాండం' అనుకుంటూ వచ్చేటప్పుడు దారిలో మిరపకాయ బజ్జీలు కట్టించుకొచ్చేవారు.

మరి మార్చడం ఎందుకంటే మా బాబాయి వల్ల. బాబాయికి కూడా షుగరే. నిరుడు ఎండాకాలంలో రెండు రోజులు 'గ్యాస్ పట్టేసింది' అంటూ సోడా తాగుతూ గడిపారు. ఛాతీలో నొప్పి అన్నది లేనే లేదు. ఒళ్ళంతా చెమట, మెట్లెక్కితే ఆయాసం, అంతే. మూడో రోజు ఈసీజీ తీస్తే గుండెపోటు, అదీ వచ్చేసి వెళ్ళిపోయింది కూడా. స్టెంట్ వేశారు, ఇప్పుడు బాగానే ఉన్నారనుకోండి. ఏళ్ళ తరబడి షుగర్ ఉన్నవాళ్ళకి నరాలు మొద్దుబారి గుండెపోటు వచ్చినా నొప్పి తెలియకపోవచ్చని మాకు అప్పుడే తెలిసింది. అమ్మకి అదే టెన్షన్ పట్టుకుంది. 'మీ నాన్నని కూడా ఒకసారి గుండెకి చూపించు' అని నా ప్రాణం తీసేసింది.

పెద్దాసుపత్రిలో ఫుల్ బాడీ ప్యాకేజీ చేయించేద్దామనే అనుకున్నాం. రామ్‌నగర్ వైపు వెళ్తే బోర్డులకి తక్కువా? మా పక్కింటి ఆంటీ ఈ క్లినిక్ పేరు చెప్పి, ముందు ఈయనకి చూపించండి, అవసరమైతే ఆయనే పంపిస్తారు అన్నారు. ఈయన కార్డియాలజిస్టు కాదు, మామూలు ఎండీ, జనరల్ మెడిసిన్. ఈ ఒక్క మాటకి నాన్న చాలా సంతోషించారు, ఫీజు తక్కువ కదా.

మొదటి రోజు నాకు బాగా గుర్తుండిపోయింది బీపీ చూసిన తీరు. క్లినిక్ పైఅంతస్తులో ఉంది, మెట్లు నిటారుగా ఉంటాయి (దీని మీద నాకు కంప్లయింట్ ఉంది, తర్వాత చెప్తాను). నాన్న రొప్పుతూ వచ్చి కూర్చుని చొక్కా చెయ్యి పైకి మడవబోతే కాంపౌండరు గారు ఆపేశారు. 'ఐదు నిమిషాలు ఊరకే కూర్చోండి, కాళ్ళు నేల మీద ఆన్చండి, కాలు మీద కాలు వద్దు, మాట్లాడకండి' అన్నారు. మా నాన్నని మాట్లాడకుండా కూర్చోబెట్టడం ఇంట్లో ఎవరి వల్లా కాలేదు ఇంతవరకు. ఐదు నిమిషాలయ్యాక ఒకసారి, కాసేపాగి ఇంకోసారి, తర్వాత నిలబెట్టి మూడోసారి చూశారు. 148/86, 144/84. నిలబెట్టి చూడ్డం ఎందుకని అడిగాను. షుగర్ పాతబడ్డవాళ్ళలో కొందరికి లేచి నిలబడగానే బీపీ పడిపోతుందట, అది చూడకుండా మాత్ర పెంచితే రాత్రి బాత్రూమ్‌కి లేచినప్పుడు తూలి పడతారట. 14 ఏళ్ళలో నాన్నని ఒక్కరూ నిలబెట్టి చూడలేదు.

ఆ వెంటనే మాత్ర రాసేస్తారనుకున్నాను, రాయలేదు. చేతికి కట్టే బీపీ మిషన్ కొనుక్కుని (మణికట్టుది వద్దన్నారు) వారం రోజులు పొద్దునా సాయంత్రం చూసి కాగితం మీద రాసుకు రమ్మన్నారు. ఆసుపత్రిలో కంగారుకి పెరిగే బీపీ వేరు, ఇంట్లో ఉండే బీపీ వేరు అని. నాన్న ఆ వారం ఇంజినీరులా గీతలు కొట్టి మరీ రాశారు. సగటు 142 వచ్చింది.

టెస్టులు కూడా ప్యాకేజీ లెక్కన కాదు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), కొలెస్ట్రాల్, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరుకి), యూరిన్‌లో అల్బుమిన్ అనే ప్రొటీన్, ఒక ఈసీజీ. ఇంతే. కాళ్ళు చూస్తానని చెప్పులు విప్పించి, నైలాన్ దారం లాంటిది అరికాలికి ఆనించి 'తగిలిందా, ఇప్పుడు తగిలిందా' అని కళ్ళు మూయించి అడిగారు. నాన్నకి చక్కిలిగింత. 'ఏటి డాక్టర్ బాబూ, గుండెకని వస్తే కాళ్ళు గోకుతారేటి' అన్నారు. ఆయన నవ్వి, 'మాస్టారూ, షుగర్ వీధి చివర నుంచి మొదలెడుతుంది, మెయిన్ రోడ్డుకి వచ్చేదాకా మనకి తెలీదు' అన్నారు. ఇలాంటి మాటలు ఆయన దగ్గర చాలా ఉంటాయి. కొన్ని ప్రతి పేషెంటుకీ అవే చెప్తారనుకోండి, బయట బెంచీ మీద కూర్చుంటే అన్నీ వినపడతాయి.

రిపోర్టులొచ్చాయి. హెచ్‌బీఏ1సీ 7.4, అంటే మరీ ఘోరం కాదు. ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 128. యూరిన్ అల్బుమిన్ 64, అది 30 లోపు ఉండాలి. నాన్న చూపంతా 7.4 మీదే ఉంది, డాక్టరు గారు దాన్ని ముట్టుకోకుండా మిగతా రెండిటి కిందా గీత గీశారు. మూత్రంలో అల్బుమిన్ పోతోందంటే కిడ్నీ సంగతి మాత్రమే కాదు, ఒంట్లో సన్నటి రక్తనాళాలు దెబ్బతింటున్నాయని గుర్తు, గుండెకి ముప్పు పెరిగినట్టే అని చెప్పారు. అయితే ఒక్క టెస్టుతో తేల్చరట, జ్వరం ఉన్నా ముందురోజు బాగా ఒళ్ళు అలిసినా పెరుగుతుందని మళ్ళీ చేయించారు. రెండోసారి 58.

అప్పుడు సొరుగులోంచి లామినేట్ చేసిన రంగుల కాగితం ఒకటి తీశారు. ఈ క్లినిక్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తెచ్చిన పట్టిక, ఒక్కో ప్రాంతానికి ఒక్కోటి ఉంటుంది, ఇది దక్షిణాసియాది. షుగర్ ఉన్నవాళ్ళకి ఒక వైపు, లేనివాళ్ళకి ఒక వైపు, మగ, ఆడ, పొగ తాగేవాళ్ళు, తాగనివాళ్ళు, వయసు, పై బీపీ, కొలెస్ట్రాల్, ఇవన్నీ కలిసే చోట ఒక గడి. ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు, ముదురు ఎరుపు. పెన్ను మూతతో ఒక్కో వరుసా దాటుకుంటూ వచ్చి నాన్న గడి దగ్గర ఆపారు. నారింజ. అంటే ఇలాంటి వందమందిని తీసుకుంటే పదేళ్ళలో పదిమందికి పైనే, ఇరవై లోపు, గుండెపోటో పక్షవాతమో వచ్చే అవకాశం. తర్వాత పెన్ను మూత పక్కకి, పొగ తాగేవాళ్ళ వైపు జరిపారు, అది ఎరుపు. 'చుట్ట మానేసి ఎన్నాళ్ళయింది?' అని అడిగారు. నాన్న 'ఆరేళ్ళు' అన్నారు గట్టిగా. అమ్మ నా వైపు చూసింది.

డాక్టరు గారు ఇంకో మాట కూడా దాచకుండా చెప్పారు. షుగర్ ఉండి నలభై దాటినవాళ్ళకి మామూలుగా కొలెస్ట్రాల్ మాత్ర ఇవ్వడానికి ఈ పట్టిక చూడక్కర్లేదు, పైగా ఇందులో యూరిన్ అల్బుమిన్ లెక్కలోకి రాదు, తమ్ముడికి గుండెపోటు వచ్చిందన్నది రాదు, కాబట్టి అసలు ముప్పు ఇంతకంటే ఎక్కువే అనుకోండి, ఇది మీకు చూపించడానికి మాత్రమే, అన్నారు. నాన్నకి మాటలతో చెప్తే ఎక్కేది కాదు. రంగు చూశాక ఇంటికొచ్చేదాకా కిక్కురుమనలేదు.

మందుల సంగతి. బీపీకి టెల్మిసార్టన్ 40, కొలెస్ట్రాల్‌కి అటోర్వాస్టాటిన్ 20 (స్టాటిన్ అంటారే, ఆ రకం) మొదలుపెట్టారు. టెల్మిసార్టన్ వేసిన రెండు వారాలకి క్రియాటినిన్, పొటాషియం మళ్ళీ చూపించమన్నారు, చూపించాం. తర్వాత డాపాగ్లిఫ్లోజిన్ 10 చేర్చి, పాత షుగర్ మాత్ర గ్లిమిపిరైడ్ సగానికి తగ్గించారు, లేకపోతే షుగర్ డౌన్ అయిపోతుందని. ఈ డాపాగ్లిఫ్లోజిన్ షుగర్ మాత్రే కానీ కిడ్నీనీ గుండెనీ కూడా కాపాడుతుందట. 2020లో పేటెంట్ అయిపోయి చాలా కంపెనీలు చేస్తున్నాయి కాబట్టి జేబుకి మరీ భారం కాలేదు. మూత్రం ఎక్కువగా వస్తుంది, ఆ చోట శుభ్రంగా ఉంచుకోవాలి, లేకపోతే ఫంగస్ వస్తుంది అని సిగ్గుపడకుండా విడమరిచి చెప్పారు. జ్వరం, వాంతులు వచ్చి తిండి సరిగా తినకపోతే ఆ మాత్ర ఆపి వెంటనే ఫోన్ చెయ్యమన్నారు.

ఫోన్ ఎత్తితే కదా! ఇక్కడే ఒక స్టార్‌లో సగం పోయింది. క్లినిక్ ల్యాండ్‌లైన్ పగలంతా మోగుతూనే ఉంటుంది, సాయంత్రం ఆరు దాటితే ఎంగేజ్. వానాకాలంలో నాన్నకి వాంతులైనప్పుడు మూడు గంటలు ప్రయత్నించి, చివరికి నేనే స్కూటీ వేసుకుని వెళ్ళి అడిగొచ్చాను. ఇన్ని జాగ్రత్తలు చెప్పేవాళ్ళు ఒక వాట్సాప్ నంబరు పెట్టలేరా?

ఎకోస్ప్రిన్ గొడవ ఇంకోటి. బీచ్ రోడ్డులో పొద్దుటి వాకింగ్ బ్యాచ్‌లో ఎవరో చెప్పారని నాన్న రెండేళ్ళుగా రోజుకొక ఎకోస్ప్రిన్ 75, అంటే ఆస్పిరిన్ మాత్ర, వేసుకుంటున్నారు. 'రక్తం పల్చగా ఉంటే మంచిదే కదా' అని. మాత్రలన్నీ బల్ల మీద పెట్టమంటే అది బయటపడింది. ఇదివరకు ఎప్పుడైనా కడుపులో పుండు ఉందా అని అడిగితే, ఉంది. ఆయన ఆ మాత్ర పక్కకి నెట్టేశారు. గుండెపోటు వచ్చినవాళ్ళకి, స్టెంట్ ఉన్నవాళ్ళకి అది తప్పనిసరి, వాళ్ళు పొరపాటున కూడా ఆపకూడదు. ఏమీ రానివాళ్ళ లెక్క వేరు. షుగర్ ఉండి గుండెజబ్బు లేని 15 వేలమందికి పైగా మనుషుల మీద ఈ మాత్ర గురించే అసెండ్ అని ఒక పెద్ద అధ్యయనం చేశారు, 2018లో ఫలితాలొచ్చాయి. మాత్ర వేసుకున్నవాళ్ళలో గుండెపోటు లాంటివి 12 శాతం తగ్గాయి, పెద్ద రక్తస్రావాలు 29 శాతం పెరిగాయి. 'మీ పొట్టతో ఆ బేరం మనకొద్దు మాస్టారూ' అన్నారు. ఇది చదివి మీరు మీ మాత్ర ఆపెయ్యకండి బాబూ, మీ డాక్టరుని అడగండి. మా బాబాయి ఆపబోతే నేనే అరిచాను.

ఇప్పుడు అసలు కథ. మూడు నెలలకి మళ్ళీ టెస్ట్ చేయిస్తే బీపీ 128, హెచ్‌బీఏ1సీ 7, ఎల్‌డీఎల్ మాత్రం 119. కొలెస్ట్రాల్ మాత్ర వేసుకుంటే ముప్ఫై, నలభై శాతం తగ్గాలి, ఏడు శాతమే తగ్గింది. నేనయితే మాత్ర పనిచెయ్యలేదనుకుని డోసు పెంచమనేదాన్ని. డాక్టరు గారు కాగితం చూసి, కళ్ళజోడు తీసి, 'మాస్టారూ, రాత్రి మాత్ర నోట్లో వేసుకుంటున్నారా, ఇంకెక్కడైనా వేస్తున్నారా?' అని మెల్లగా అడిగారు. నాన్న ఫ్యాన్ వైపు చూశారు. ఇంటికొచ్చి వెతికితే పూజగది అలమరలో పాత హార్లిక్స్ సీసాలో దొరికాయి, అరవైకి పైగా. స్టాటిన్ వేసుకుంటే కండరాలు కరిగిపోతాయి, మతిమరుపొస్తుంది అని ఎవరో వాట్సాప్‌లో పంపారట, పైగా మోకాలు నొప్పి కూడా మొదలైందట.

నేను ఇంట్లో వేసిన కేకలకి పక్కింటి ఆంటీ వచ్చేశారు. కానీ మర్నాడు క్లినిక్‌లో ఒక్కరూ తిట్టలేదు. నొప్పి ఎక్కడ, ఒక కాలా రెండు కాళ్ళా, తొడలోనా కీలులోనా అని అడిగారు. ఆ మాత్ర వల్ల వచ్చే నొప్పి ఎక్కువగా రెండు తొడల్లోనూ, కండలో వస్తుంది, ఇది కుడి మోకాలు ఒక్కటే, అదీ మెట్లు దిగేటప్పుడు, అంటే అరుగుదల. పైగా మీరు మాత్రే వేసుకోలేదు, నొప్పి దాని మీదకి ఎలా నెడతారు, అనగానే నాన్నకి కూడా నవ్వొచ్చేసింది. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఏళ్ళ తరబడి వాడితే బీ12 విటమిన్ తగ్గుతుందని అది కూడా చూపించారు, తక్కువే ఉంది, దానికి వేరే మాత్ర. స్టాటిన్ వల్ల షుగర్ కాస్త పెరగొచ్చన్నది నిజమేనని ఒప్పుకుని, ఆ కాస్త పెరగడం కంటే గుండెకి వచ్చే లాభం చాలా ఎక్కువని చెప్పారు. 'నా మీద నమ్మకంతో కాదు, మూడు నెలలు వేసుకుని నంబరు చూడండి, అప్పుడు మాట్లాడుకుందాం' అన్నారు. మూడు నెలలకి 76. మేం పండగ చేసుకుంటుంటే ఆయన '70 లోపు కావాలి' అని 40కి పెంచారు. ఇప్పుడు 68.

డెన్మార్క్‌లో జరిగిన స్టెనో-2 అధ్యయనం గురించి కూడా ఆయన దగ్గరే విన్నాను. మూత్రంలో అల్బుమిన్ పోతున్న షుగర్ పేషెంట్లు, 160 మందే. సగంమందికి మామూలు వైద్యం, మిగతా సగానికి షుగర్, బీపీ, కొలెస్ట్రాల్, తిండి, నడక అన్నీ ఒకేసారి పట్టుబట్టి చూశారు. దాదాపు ఎనిమిదేళ్ళకి లెక్క తీస్తే రెండో గుంపులో గుండెపోట్లు, పక్షవాతాలు సుమారు సగానికి తగ్గాయి. నాన్న కేసులో ఆయన చేస్తున్నది కూడా ఇదే అని నాకు అప్పుడు అర్థమైంది. ఎంత సేపూ షుగర్ ఒక్కదాని వెంట పడి, పక్కన ఉన్న మిగతావాటిని వదిలేశాం ఇన్నాళ్ళూ.

తిండి దగ్గర మాత్రం నాన్నకీ ఆయనకీ ప్రతిసారీ పంచాయితీనే. చోడి (రాగి) అంబలి తాగితే షుగర్ దిగిపోతుందని మా ఇంట్లో గట్టి నమ్మకం, నాన్న పొద్దున్నే పెద్ద గ్లాసుడు తాగి పైన ఇడ్లీలు తినేవారు. చోళ్ళు కూడా పిండిపదార్థమే, అంబలి తాగితే ఇడ్లీ మానండి, ఇడ్లీ తింటే అంబలి మానండి, రెండూ కుదరవు అన్నారు. ఉప్పు రోజుకి 5 గ్రాములు, అంటే ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక టీస్పూను, అందులోనే ఆవకాయ, అందులోనే అప్పడం. ఎండునెత్తళ్ళ (ఎండుచేపల) దగ్గర నాన్న అడ్డం తిరిగారు. 'అది కూడా మానేస్తే ఇంక బతికేటి డాక్టర్ బాబూ' అని. వారానికొక్కసారి, రెండు మూడు నీళ్ళలో నానబెట్టి కడిగి, కూరలో ఉప్పు వెయ్యకుండా వండుకోండి అని రాజీ కుదిరింది. అసలు మానెయ్యమని ఉంటే ఆ క్లినిక్‌కి నాన్న మళ్ళీ వెళ్ళేవారు కాదని నా గట్టి అభిప్రాయం.

ట్రెడ్‌మిల్, యాంజియో లాంటి గుండె టెస్టులు చెయ్యించమని మేమే అడిగాం. ఆయాసం లేదు, నొప్పి లేదు, ఈసీజీ బాగుంది, ఇప్పుడు వద్దు, అవి చేయించినా ఇవ్వాల్సిన మందులు ఇవే అన్నారు. ఆయాసం, దవడ లాగడం, ఊరికే చెమట పట్టడం, ఇదివరకు ఎక్కిన మెట్లు ఎక్కలేకపోవడం, వీటిలో ఏది వచ్చినా గ్యాస్ అనుకోకుండా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళిపొమ్మని, క్లినిక్‌కి వచ్చి టోకెన్ తీసుకుని కూర్చోవద్దని చీటీ వెనక పెద్ద అక్షరాలతో రాసిచ్చారు. ఆయన చేతిరాతలో నేను చదవగలిగింది ఆ ఒక్కటే.

ఇక కంప్లయింట్లు. ఫోన్ చెప్పాను. మెట్లు ఇరవై రెండు, లిఫ్ట్ లేదు, పట్టుకోడానికి రాడ్ ఒక వైపే ఉంది, అదీ వదులు. గుండెకీ షుగర్‌కీ చూసే క్లినిక్ మొదటి అంతస్తులో పెట్టాలని ఎవరికి తట్టిందో గానీ, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు మెట్ల మధ్యలో కూర్చుని అలుపు తీర్చుకుంటుంటారు. వెయిటింగ్‌లో బెంచీలు రెండే. యూపీఐ స్టిక్కర్ అంటించారు కానీ 'నెట్‌వర్క్ లేదమ్మా, క్యాష్ ఇవ్వండి' అనడమే నేను చూశాను. ఫీజు 300, పదిహేను రోజుల్లో రిపోర్టులు చూపిస్తే తీసుకోరు, అది న్యాయమే. ఆదివారం సెలవు. మనిషి రాకుండా చీటీ పంపితే మందులు రాయరు, కొందరు దీని గురించి విసుక్కుంటారు గానీ హార్లిక్స్ సీసా అనుభవం తర్వాత నేను ఆయన వైపే.

వెళ్ళేవాళ్ళు ఐదు లోపే చేరండి, చిల్లర పట్టుకెళ్ళండి. పాత రిపోర్టులతో పాటు ఇంట్లో ఉన్న మాత్రల స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకెళ్ళండి, వేసుకోవడం మానేసినవి కూడా. వచ్చే నెల బాబాయిని కూడా తీసుకెళ్తున్నాం, ఆ మెట్లు ఎలా ఎక్కిస్తానో చూడాలి.